కిందికి దిగిన కళ్ళు

ఆత్మకూరు, 1954. శుక్రవారం రాత్రి.

నేను నోరు జారలేదు. అయినా రత్నమ్మ గుట్టు బయటపెట్టింది నేనే.

కూతుర్ని నర్సు ట్రైనింగుకు పంపాలని ఆమె మొగుడికి తెలియకుండా మా బ్యాంకులో కూలి డబ్బు దాచుకుంటోంది. ప్రతి శనివారం వేలిముద్ర వేశాక, బొటనవేలి మీది సిరా మరక పోయేదాకా చింతపండుతో రుద్దుకుని గానీ తన ఊరు చేజర్ల దారి పట్టదు.

ఇవాళ ఆ మొగుడే వచ్చి కౌంటరు మీదికి వంగాడు. "మా ఆడమనిషికి ఈడ పుస్తకం ఉండాదా సార్?"

ఇలా అడిగేవాళ్ళకి, ఖాతా లేకపోతే, ముఖంలోకి చూసి "లేదు పో" అనేస్తాను. ఇవాళ మాత్రం లెడ్జరులోకి తల దించేసి, "అట్టాంటివి చెప్పేదానికి రూలు ఒప్పుకోదబ్బా" అన్నాను.

అతను నవ్వాడు. "నిన్న మా తమ్ముడు వాడి పెళ్ళాం సంగతి అడిగితే కళ్ళల్లోకి చూసి లేదన్నారంట. నాకాడ తల ఎత్తరేంది సార్?"

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. నేను బ్యాంకు మూసి పరుగెత్తేసరికి చేజర్ల ఆఖరి బస్సు కూడా పోయింది. అందినా, నన్ను గుమ్మంలో చూస్తే అతనికి ఇంకే రుజువు కావాలి?

రేపు శనివారం. ఆమె వస్తే ముఖమెలా చూడాలా అని ఇందాకటిదాకా కుమిలిపోయాను. ఇప్పుడు అదేం లేదు. ప్రభువా, ఆమె వస్తే చాలు.