నాన్న బండి నడపడం ఎందుకు మానేశాడంటే

నింబిన్,
మే నెల, పండగ మర్నాడు

చిరంజీవి రోవన్‌కి అమ్మ దీవెనలు. నేనూ, నాన్నా, ఆవులూ చల్లగా ఉన్నాం. నీ నడుం నొప్పి తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. డాక్టరు నాన్నకి రాసిచ్చిన ఆ గంజాయి నూనె గురించి నువ్వూ ఆయనా గొడవపడ్డాక నువ్వు గడప తొక్కడం మానేశావు. ఉత్తరాలైనా రాస్తున్నావు, సంతోషం.

అవును, నువ్వు విన్నది నిజమే. గంజాయి పండగకి ఈసారి నేనూ వెళ్లాను. ఏటా తలుపులు బిగించుకుని తిట్టే మనిషినే! మన మహిళా సంఘం టీ కొట్టులో స్కోన్ రొట్టెలు అమ్మాను. వచ్చిన ప్రతివాడూ గొంతు తగ్గించి "ఇందులో అది కలిపారా?" అని అడగడమే. "వెన్న కలిపాను నాయనా, చాలదా?" అన్నాను. ఒకడు మొహం వేలాడేసుకుని కూడా మూడు తిన్నాడు.

గంజాయి మీద నిషేధం ఎత్తేసి చట్టం మార్చాలని ఈ పండగ చేసేవాళ్లంతా ఒకే మాట మీద ఉంటారనుకునేదాన్ని. అబ్బే! నా బల్ల దగ్గరే కీచులాట. "చట్టం ఒప్పుకుంటే చాలు, నేను ఇంటికెళ్లి పడుకుంటా" అంది ఫెర్న్, ఊరేగింపులో ఆకుపచ్చ రెక్కలు కట్టుకుని ఆడే పిల్ల. కొండ మీది బార్నీ ముసలాయన విరుచుకుపడ్డాడు. "ఆఁ, పడుకో! నువ్వు లేచేసరికి పెద్ద కంపెనీవాళ్లు దిగిపోతారు. అప్పుడు నేనూ నా పెరట్లో మొక్కలూ ఏం కావాలి?"

"మీరు ఏమైనా చేసుకోండి, బడి పిల్లల దగ్గరికి మాత్రం రానివ్వకండి" అన్నాను. దానికి మాత్రం ఇద్దరూ తలూపారు.

ఆ ఫెర్నే మమ్మల్ని ప్రతిసారీ లిస్మోర్ ఆసుపత్రికి తీసుకెళ్తోంది. పెట్రోలు పోయిస్తానంటే కోప్పడుతుంది. నాన్న లోపల ఉన్నంతసేపూ నా పక్కనే కూర్చుంటుంది. ఆ పిల్ల మంచితనం ఎంత చెప్పుకున్నా తక్కువే.

నాన్న బండి నడపడం ఎందుకు మానేశాడు, నా మీద కోపమా అని అడిగావు. చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. అయినా చెప్తున్నాను. ఆ నూనె చుక్కలతో ఆయన తెల్లారేదాకా హాయిగా నిద్రపోతున్నాడు. కానీ డాక్టరు రాసిచ్చిందే అయినా, మత్తు దిగిపోయినా, రోడ్డు మీద పోలీసులు చేసే ఉమ్మి పరీక్షలో అది తేలుతుంది, లైసెన్సు పోతుంది. పోలీసువి, నీకు నేను చెప్పాలా? నిన్ను మన రోడ్డు మీద ఆ పరీక్షలకే వేశారని తెలిసిన రోజున నాన్న తనే వెళ్లి లైసెన్సు ఇచ్చేసి వచ్చాడు. నేను లబోదిబోమన్నాను.

"వాడు నన్ను ఆపాడనుకో, కేసు రాయకపోతే వాడి ఉద్యోగం పోతుంది. రాస్తే వాడికి నిద్ర పట్టదు. ఇన్నాళ్లకి నాకు పడుతోంది, వాడికి పోగొట్టమంటావా?" అన్నాడు.

నీ మీద కోపం ఉన్న మనిషి అనే మాటలేనా ఇవి?

గురువారం పొద్దున మళ్లీ ఆసుపత్రికి వెళ్తున్నాం. రోడ్డు మీద ఉంటే ఫెర్న్ బండి ఆపు. గంజాయి కోసం ఇంత పోరాడుతుందే గానీ, ఆ పిల్ల దాన్ని జన్మలో ముట్టలేదు. నీ పరీక్ష నిక్షేపంగా చేసుకో. అయ్యాక వెనక తలుపు తియ్యి. నాన్న అక్కడే ఉంటాడు.

ఇట్లు,
మీ ఇద్దర్నీ నాకిచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకునే
అమ్మ