పద్నాలుగో పెట్టె ఎలుకలూ, నా కణితీ, తదితర ఆస్తులూ

వయసు అరవై తొమ్మిదేళ్ళు, కేన్సర్ జన్యువుల మీదా రోగనిరోధక కణాల మీదా ముప్పై ఎనిమిదేళ్ళు పరిశోధన చేసి రిటైరైన డాక్టరును, ఇరుగుపొరుగు పిలుపు ప్రకారం ఎలుకల డాక్టరమ్మను అయిన నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, స్థిరచిత్తంతో రాస్తున్న వీలునామా ఇది. కణితి క్లోమంలో ఉంది, తలలో లేదు. స్కాన్ జతచేశాను. అనుమానం ఉన్నవాళ్ళు, ముఖ్యంగా మా తమ్ముడు, చూసుకోవచ్చు. లోగడ రాసిన రెండు వీలునామాలు ఇందుమూలంగా రద్దు. అవి కోపంలో రాసినవి.

1. నా స్వార్జితమైన మూడు గదుల ఫ్లాటు నా తదనంతరం మా తమ్ముడికి సర్వహక్కులతో చెందుతుంది. పెళ్ళిళ్ళలో నన్ను "మా అక్క, పశువుల డాక్టరు" అని పరిచయం చేసినందుకు ఇవ్వకూడదనే అనుకున్నాను. కానీ కీమో రోజుల్లో బకెట్ పట్టుకుని నా పక్కన కూర్చున్నది వాడే. ఎవరైనా వాంతి చేసుకుంటే వాడికీ వస్తుంది. అయినా లేచి వెళ్ళలేదు.

2. మైక్రోస్కోపు నా మేనకోడలికి. ఆరేళ్ళప్పుడు తన బుగ్గలోంచి గీకిన కణాలు అందులో చూసి, "అత్తా, ఇవన్నీ నేనేనా?" అని అడిగింది. అంత మంచి ప్రశ్న నన్ను ఏ సదస్సులోనూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు వకీలు కనుక ఈ వీలునామా అమలు బాధ్యత కూడా దానిదే. ఫీజు అడగకూడదు.

3. గోడ కేలెండరు నా మాజీ భర్తకు. "నీ ఎలుకల పుట్టినరోజులు గుర్తుంటాయి, నాది గుర్తుండదు" అని పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. అతనన్నది నిజమే. అతని పుట్టినరోజు ఆగస్టు పంతొమ్మిది. ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంచాను.

4. మా ల్యాబ్ పెద్దాయన దగ్గర పదకొండేళ్ళుగా ఉండిపోయిన నా గొడుగు ఆయనకే దఖలు. ఇంకేమీ లేదు. కారణం రాస్తున్నాను. ఒకసారి పద్నాలుగో పెట్టెలోని ఎలుకలకు కేన్సర్ కణాలు ఎక్కించినా కణితులు పెరగలేదు. పెద్దాయన చూసి, "సూది సరిగ్గా గుచ్చి ఉండవు. వాటిని చంపేసి మళ్ళీ మొదలుపెట్టు" అన్నాడు. చంపలేదు. ఆ ఎలుకల్లో ఒక జన్యువు మారి ఉందనీ, దానివల్ల వాటి రక్షణ కణాలు కేన్సర్‌ను ఇట్టే పసిగడుతున్నాయనీ తేల్చడానికి ఆరేళ్ళు పట్టింది. పరిశోధన పత్రం అచ్చయ్యేసరికి మొదటి పేరు ఆయనది, రెండోది నాది. ఇరవై ఏడేళ్ళుగా, దొరికిన ప్రతివాడికీ ఈ అన్యాయం చెప్పుకుని ఏడ్చాను. ఆ పరిశోధన మీద ఆధారపడి వచ్చిన మందు చాలామందికి పనిచేసింది. నాకు చెయ్యలేదు. ఫిర్యాదేమీ లేదు. కొంచెం ఉంది.

5. కోసి తీసిన నా కణితి ముక్కలు రెండు, ల్యాబ్ ఫ్రీజర్‌లో ఉన్నవి, నా చివరి శిష్యురాలు గొణుగుడమ్మకు. మందు నా మీద ఎందుకు ఓడిపోయిందో కనిపెట్టాలి. కనిపెట్టాక గట్టిగా, వెనక వరసకి వినబడేలా చెప్పాలి.

6. ఇది రాయడానికే మిగతావన్నీ రాశాను. పద్నాలుగో పెట్టెను కాపాడింది నేను కాదు. ఎలుకలకు మేత వేసే గింజలాయన. పెద్దాయన మాటకు భయపడి నేను పెట్టె తీసుకెళ్ళబోతే అడ్డం నిలబడి, "ఎలుకను పట్టుకున్నది నేనేనమ్మా. సూది బాగానే దిగింది. తొందరపడకండి" అన్నాడు. మూడు వారాలు మేత బస్తాల వెనక దాచాడు. ఏ తల్లికి ఏ పిల్లలు పుట్టాయో ఆరేళ్ళూ పెన్సిలుతో పుస్తకంలో రాసిపెట్టాడు. ఆ పుస్తకం లేకపోతే ఆ జన్యువు ఇప్పటికీ దొరికేది కాదు.

పత్రంలో ఆయన పేరు లేదు. పెద్దాయన కొట్టెయ్యలేదు, నేనే రాయలేదు. "జంతుశాల సిబ్బందికి ధన్యవాదాలు" అని చివర్లో ఒక ముక్క పడేశాను. అచ్చయిన ప్రతి తీసుకెళ్ళి చూపిస్తే పేజీలన్నీ తిరగేసి, "బొమ్మలు బాగా వచ్చాయమ్మా" అని తిరిగిచ్చాడు.

పోయిన నెల తప్పు ఒప్పుకుంటూ, ఆ పత్రం అచ్చేసిన పత్రికకు రాశాను. పేరు చేరుస్తామన్నారు, ఆయన సంతకం కావాలన్నారు. కాగితం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఆ రోజే అడిగి ఉంటే మా ఆవిడ చూసి పోయేది" అన్నాడు. కాఫీ ఇచ్చాడు. సంతకం పెట్టలేదు.

కాగితం ఆయన దగ్గరే ఉంది. పెడతాడో లేదో ఆయన ఇష్టం. అమలు బాధ్యతలు ఉన్నవాళ్ళు గానీ, పత్రికవాళ్ళు గానీ వెళ్ళి ఆయన్ను తొందరపెట్టరాదు. నా తరఫున బతిమాలరాదు. ఆయన క్షమాపణ నా ఆస్తుల్లో లేదు కనుక దాని గురించి ఏమీ రాయలేను.

ఇది చదివి, సరిచూసుకుని, నా చేత్తో నేనే సంతకం చేశాను.

తేది: 2026 మార్చి 11, బుధవారం, పగలు పదకొండున్నర

(సంతకం) ఎలుకల డాక్టరమ్మ

సాక్షులు:
1. కింది అంతస్తు దర్జీ
2. నాకు ఇంజెక్షన్లు ఇచ్చే నర్సు