చేప పొలుసుల పొర

షబీనా ఖాలాకు సలాం,

అమ్మకంటే ముందు నీకే చెబుతున్నాను, మన పొర నిలబడింది!

మాచర్లలో నీ చేపల అంగడి నుంచి పంపిన పొలుసులతో, కాలిన గాయాల మీద వేసే పల్చటి పొర చేయాలని ల్యాబులో ఎంత తంటాలు పడ్డానో నీకు తెలుసు. ఆరితే పగిలేది, తడిస్తే కరిగేది. పోయినేడాది మా మేడమ్ "ఇక ఆపేద్దాం" అన్నారు. ఇంకొక్కసారి చూస్తానని బతిమాలి, పొలుసుల నుంచి తీసిన కొలాజెన్ అనే ప్రోటీన్‌ను వేడి తగలనీయకుండా గడ్డకట్టించి ఆరబెట్టాను. ఈసారి లాగినా తెగలేదు. పరీక్షకు వేసి చూస్తే కుందేళ్ల గాయాలు చక్కగా మానాయి. మేడమ్ నన్ను వాటేసుకున్నారు.

ఇప్పుడు మనుషుల మీద పరీక్షకు అనుమతి వచ్చింది. అందుకే నరసరావుపేట కాలేజీలో మామూ చూసిన లెక్చరర్ ఉద్యోగంలో చేరలేను. "ఏందే, పొలుసులు గీక్కుంటా కూచుంటావా?" అని కేకలేస్తాడు. నువ్వే నచ్చజెప్పాలి.

స్టవ్ అంటుకుని చెయ్యి కాలిన ఒకామె ఈ పరీక్షకు అందరికంటే ముందు ఒప్పుకుంది. ఇది చేపలతో చేసిందని చెబితే, "అమ్మాయ్, చేతికి పులుసు వాసన రాదు గదా?" అని అడిగింది. ఆస్పత్రిలో అందరం నవ్వాం, అంత నొప్పిలోనూ ఆమె కూడా నవ్వింది. రేపు ఉదయమే ఆమె చేతికి పొర వేస్తారు. దువా చెయ్యి ఖాలా.

నీ అక్క కూతురు