ఊపిరితిత్తులు సింధూజకు, చేను మునెమ్మకు

కురబలకోట మండలంలో గొర్రెలు కాసిన కీర్తిశేషులు ముత్యాలప్ప కొడుకు మునిచంద్ర అనే నేను, వయసు యాభై మూడు, మదనపల్లెలో కరపత్రాలు అచ్చేసే చిన్న ప్రెస్సు నడుపుతూ, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాస్తాండాను. మతి సరిగ్గా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జత చేశాను. ఊపిరి సరిగ్గా లేదని ఇంకో కాగితం ఉండాది, అదీ జత చేశాను. పోయిన నెల రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. ఎందుకు రద్దు చేశానో ఆరో అంశంలో ఉంది.

1. దీన్ని అమలు చేయాల్సింది న్యాయవాది మాధవీలత. ఇరవై ఏళ్ళుగా ఆమెతో ప్రతి విషయానికీ కొట్లాడినాను. నేను రాసింది రాసినట్టు చదివే మనిషి ఇంకొకరు దొరకలేదు.

2. పందొమ్మిదో ఏట మొదలుపెట్టి పదకొండేళ్ళు శాంతిపురంలో గ్రానైటు కోశాను. రాయిపొడి ఊపిరితిత్తుల్లో దిగి కూర్చుంది. అది తగిలిన కణాలు ముందే ముసలివైపోతాయంట. అవి చావవు, పని చేయవు, పక్కవాటిని చెడగొడతాయి. ఈ సంగతి నాకు చెప్పింది సింధూజ. నా పక్కనే రాయి కోసి నలభై నాలుగేళ్ళకే పోయిన చెంగయ్య కూతురు. కఫం పరీక్షతోనే ఆ కణాలను పట్టుకోవచ్చునని బెంగళూరులో పరిశోధన చేస్తాంది. నన్ను మట్టి చేసే ముందు నా ఊపిరితిత్తులను, చట్టం ఒప్పుకున్న పద్ధతిలో, ఆమె ల్యాబుకు అప్పగించాలి.

3. ప్రెస్సూ, అది ఉన్న స్థలమూ అమ్మి ఆ పరిశోధనకే ఇవ్వాలి. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉండాది. జనం ఆరోగ్యానికి పరిశోధన చేయించాల్సింది సర్కారు, దాతలు కాదు అని కరపత్రాలు వేసినోణ్ణి నేనే. ఏం చేయమంటారు? డబ్బు కోసం సింధూజ పెట్టిన దరఖాస్తును సర్కారు కమిటీవాళ్ళు రెండుసార్లు తిప్పి పంపారు. మొదటిసారి, ముసలితనం రోగం కాదన్నారు. రెండోసారి, ఈ పరీక్షకు మార్కెట్ యాడుందని అడిగారు. అవే ముసలి కణాల పేరు చెప్పి మొహం మీద ముడతలు పోగొడతామన్న కంపెనీకి మటుకు మార్కెట్ కనిపించింది. కుప్పం దావలో దగ్గుకుంటా బస్సెక్కేవాళ్ళు మార్కెట్ కారు, ఓటర్లు మాత్రమే! కాబట్టి షరతు: ఈ డబ్బుతో వచ్చిన పరీక్ష రాయి కోసేవాళ్ళకు ఉచితంగా చేయాలి.

4. నీళ్ళ ఖర్చని, పొడి లేవకుండా రంపానికి పట్టే నీళ్ళు ఆపించి మాచేత పొడిరాయి కోయించిన మా పాత యజమానికి, నా ఎక్స్‌రే ఫిల్ములు మొత్తం. ఆఫీసులో గోడకు తగిలించుకోమని నా కోరిక. తగిలించుకోడని తెలుసు. అయినా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి.

5. చెంగయ్య ముక్కుకు కట్టుకున్న ఎర్ర తువ్వాలు నా పెట్టెలో ఉంది. ఇన్నేళ్ళూ ఉతకలేదు. అది సింధూజకు. ఆ పొడి ఆమె పనికి ఉపయోగపడొచ్చు. పడకపోయినా, వాళ్ళ నాయనది.

6. కురబలకోటలో నా పేరున ఉన్న మూడెకరాలు. పాత వీలునామాలో దీన్ని కూడా పరిశోధనకే రాశాను. ఆ చేనే మా అక్క మునెమ్మకు, ఆమె నలభై గొర్రెలకు ఆధారం. ఆమెకు చదువు రాదు కాబట్టి చదివి వినిపించాను. ఆమె చేను మాట ఎత్తలేదు.

"ముసిలిదాన్ని కనిపెట్టేది నాయనకూ వచ్చునురా. దాంట్లో దేన్ని ఉంచుకోవాల్నో తెలీకనే కదా సగం మందను పోగొట్టుకుంటిమి" అనింది.

ఎండాకాలం ముందు గొర్రెల నోరు తెరిచి చూసి, పళ్ళు ఊడినవాటిని పుంగనూరు సంతకు తోలడం మా ఇంటి పద్ధతి. ఒక ఏడు మందకు ముందు నడిచే గొర్రెను కూడా నాయన తోలేశాడు. దానికి పళ్ళు లేని మాట నిజమే. పై నెల మంద, నీళ్ళు లేక వాడి విషమెక్కిన జొన్న పిలకల్లో పడింది. ఆ ముసలిది ఉండింటే ఆ పక్కకే పోనిచ్చేది కాదు. పదకొండు గొర్రెలు మేసిన చోటే పడి చచ్చినాయి.

అక్కతో గంటసేపు వాదించి, గెలవలేక, సింధూజకు ఫోన్ చేశాను. వాళ్ళ పనిలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న అదేనంట. ఆ కణాల్లో కొన్ని గాయాలు మాన్పుతాయి, ఏవి ఉండాలో ఏవి పోవాలో ఇంకా పూర్తిగా తేలలేదు, ఏళ్ళు పడుతుందనింది. కాబట్టి అది తేలేవరకు, కణాలను చంపే మందు ఏదీ ఈ డబ్బుతో కూలోళ్ళ మీద ప్రయోగించకూడదు.

చేను లేకపోతే పరిశోధన సగంలో ఆగిపోవచ్చు. చేను పోతే అరవై ఏళ్ళ మనిషి గొర్రెలను యాడ నిలబెట్టుకుంటాది? దూరంగా కూర్చుని ఎవరికి ఏది అక్కర్లేదో తేల్చే కమిటీని తిట్టిన నేనే ఆ పని చేయబోయినాను. అది తప్పని తెలుసు. ఇప్పుడు చేస్తాండేది ఒప్పో కాదో తెలీదు.

మూడెకరాలూ సర్వహక్కులతో మునెమ్మకు. పరిశోధనకు ఇయ్యమని ఎవరూ ఆమెను అడగకూడదు, నా పేరు చెప్పి అసలే అడగకూడదు. ఆమె ఇయ్యకపోతే తప్పు ఆమెది కాదు. ఇయ్యాల్సినోళ్ళు వేరే ఉండారు. మాధవీలతమ్మా, సింధూజ దరఖాస్తు మూడోసారి వాళ్ళకే పంపించు.

మదనపల్లె, 14 సెప్టెంబర్ 2025
(సంతకం) ము. మునిచంద్ర

మా ఎదుట చదువుకుని, రెండుచోట్ల దగ్గుకు ఆగి, సంతకం చేసినారు. ఆయన ఎదుటే మేమూ సంతకం చేసినాము.
సాక్షులు:
1. అరుణ్, ప్రెస్సులో కంపోజింగ్ పని, మదనపల్లె
2. సుధ, నర్సు, పుంగనూరు