ఓసారొచ్చి చూడమన్నారు

నాన్నా,

నువ్వు మతిమరుపుతో ఇంట్లోంచి వెళ్లిపోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు.

చిన్నప్పుడు నేను లుక్ ఫర్, లుక్ ఎట్ కలిపేస్తే, ఇంగ్లిష్ మాస్టారి కూతురివి అంటూ పదిసార్లు రాయించేవాడివి. మొదటిది వెతకడం, రెండోది చూడడం. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం. నువ్వు వెళ్లిపోయిన రోజు గేటుకు గొళ్లెం పెట్టడం మరిచింది నేనే.

జగ్గయ్యపేటలో ఆటోవాళ్లందరికీ నీ ఫోటో చూపించాను. పొద్దున నందిగామ స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఫోన్ చేశాడు.

"పెద్దాయన బాడీ ఒకటి దొరికిందమ్మా. ఓసారొచ్చి చూసి చెప్పండి."

నీకిప్పుడు అక్షరాలు గుర్తులేవని తెలిసీ బస్సులో ఇది రాస్తున్నాను.

నందిగామ వచ్చేసింది. అందరూ దిగిపోయారు. "బస్సు ఇక్కడిదాకేనమ్మా, దిగండి" అంటున్నాడు కండక్టరు.

నాన్నా, నాకింకా వెతకాలనే ఉంది.