రంపం దగ్గర ఫోన్ వద్దు

జూలై 1
రాతి పలకల ఫ్యాక్టరీలో ఏడేళ్లు. ఈ రోజు మొదటిసారి రంపం నా చేతి తొడుగు చింపింది. బొటనవేలి పక్కన చిన్న గీత... అంతే. ఫోన్ మోగితే అటు చూశాను. ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో ఎవరిదో గుడ్ మార్నింగ్ పువ్వు. ఒక పువ్వు కోసం వేలు పోయేది!

జూలై 2
ఫోన్ అన్నం సంచిలో వేసి కొక్కేనికి తగిలించాను. మధ్యాహ్నం దాకా ముట్టను. చెయ్యి మాత్రం ఊరికే చీర మీది చొక్కా జేబు తడుముతోంది. సిగ్గేసింది.

జూలై 4
ఒక్క పలకా పగల్లేదు. పక్క రంపం మీద మరియమ్మక్క— "ఏందే సుజాతా, పాటలు లేకుండా ఎట్ల చేస్తుండావు?" రాయి చప్పుడు వింటున్నానన్నాను. బ్లేడు మొద్దుబారితే ఆ చప్పుడు మారుతుంది. ఇన్నేళ్లూ వినలేదు.

జూలై 5
సూపర్‌వైజర్ శీనయ్య అరిచాడు. కోసిన పలకల ఫోటో గంటకొకటి గ్రూపులో పెట్టాలట.
"అందరూ పెడతాండారు. నీ ఒక్కదానికేంది?"
"అన్నం టైములో ఒకటి, పోయేటప్పుడు ఒకటి పెడతా అన్నా. రంపం తిరిగేటప్పుడు పెట్టను."
మళ్లీ మోటారు వేశాను.

జూలై 8
అన్నానికి కూర్చుని ఫోన్ తీస్తే అత్త నుంచి ఆరు కాల్స్. పాపకు జ్వరం... బడి నుంచి ఆమే ఎత్తుకొచ్చింది. ఇంటికి పరుగెత్తాను. "ఫోన్ ఎత్తని తల్లి ఏం తల్లి?" అంది అత్త. పాప నుదుటి మీద తడిగుడ్డ వేశాను.

జూలై 9
పాపకు తగ్గింది. ఫ్యాక్టరీ ఆఫీసు నంబరు కాగితం మీద రాసి అత్తకు ఇచ్చాను. అవసరమైతే గుమాస్తా వచ్చి పిలుస్తానన్నాడు. నా తప్పు నేను దిద్దుకుంటాను. ఫోన్ మాత్రం రంపం దగ్గరికి రాదు.

జూలై 12
మరియమ్మక్క కూడా ఫోన్ సంచిలో పెట్టేసింది. నేను చెప్పలేదు.

జూలై 13
శీనయ్య అందరి ముందూ— "సోమవారం నుంచి ఫోన్ చేతిలో ఉంటేనే పనిలోకి రాండి." నన్నే చూస్తూ.

జూలై 15
ఫోన్ సంచిలోనే ఉంచి వెళ్లాను. రంపం దగ్గరే శీనయ్య నిలదీశాడు.
"గంటగంటకూ ఫోటో పెడతావా, లేదా?"
"ఏలు తెగితే దాని ఫోటో గూడా పెట్టమంటావా అన్నా?"
నా మోటారు ఆపేశాడు, ఇంటికి పొమ్మన్నాడు. పోలేదు. అక్కడే కూర్చున్నాను. మరియమ్మక్క తన రంపం తనే ఆపింది. తర్వాత ఇంకో నాలుగు ఆగాయి. అందరూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. షెడ్డు ఇంత నిశ్శబ్దంగా ఉండగా ఎప్పుడూ చూడలేదు.

యజమాని గిద్దలూరు నుంచి బయలుదేరాడట. రాళ్ల మీద కూర్చునే ఇది రాస్తున్నాను. బయట కారు ఆగింది... ఎవరూ లేవలేదు.