వదిన కోసం మా సార్‌ను అడిగాను

అన్నా,

నీ చెల్లెలు భారతి నమస్కరించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నువ్వు, పిల్లలు, పెద్దమ్మ ఎలా ఉన్నారు? వదిన ఎలా ఉందని అడగడానికి మాత్రం చేయి రావడం లేదు.

కలకత్తాలో వాన తెరిపివ్వడం లేదు. ఆరేసిన బట్టలన్నీ ముక్కిన వాసన. మెస్‌లో ఆవనూనె కూరలు ఇంకా అలవాటు కాలేదు. వదిన పంపిన నువ్వుల పొడి అన్నంలో కలుపుకుని తిని లేస్తున్నాను. తింటున్నానులే, నా గురించి దిగులు పడొద్దు.

నీ జాబు అందింది. ఆపరేషన్ చేసి తీసేసిన గడ్డ మళ్లీ కాలేయంలో తేలిందని, ఆ సంగతి వదినకు చెప్పలేదని రాశావు. "నువ్వు చదివేది ఆ జబ్బు గురించే గదా పాపా. మందేమన్నా ఉండాదేమో మీ సార్‌నడుగు" అన్నావు. ఆ రోజంతా పని చేయలేకపోయాను.

నేను చేసేది ఇదన్నా. మన ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ అని మెలితిరిగిన నిచ్చెన లాంటిది ఉంటుంది. కణాలు ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు పుట్టే కొన్ని పదార్థాలు దాన్ని దెబ్బతీస్తాయి. ఒక మెట్టుకు ఆక్సిజన్ పరమాణువు ఒకటి అదనంగా అంటుకుంటుంది. నిచ్చెన ఆకారం దాదాపు అలాగే ఉంటుంది. కానీ ఆ చోట అది మరింత సులువుగా వంగుతుందా, మరమ్మతు చేసే ప్రొటీను ఆ వంపును బట్టే దెబ్బను పసిగడుతుందా అని కంప్యూటర్‌లో చూస్తుంటాను. అలాంటి దెబ్బలు బాగుపడకుండా మిగిలిపోతే కాన్సర్ రావచ్చు. వదినకు దానివల్లే వచ్చిందని కూడా నేను చెప్పలేను.

అయినా నాచేత ఈ పరిశోధన చేయిస్తున్న సార్‌ను అడిగాను. "మన పని మీ వదినగారి మంచం దాకా చేరదమ్మా. చేరుతుందని నీతో అబద్ధం చెప్పలేను" అన్నారు. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపిన మనిషికి, ఇన్నేళ్ల నా చదువు ఒక్క మందుబిళ్లంత కూడా పనికి రాలేదు.

నిన్న నువ్వు అంగడికి పోయే వేళ చూసి ఇంటికి ఫోన్ చేశాను. వదినే ఎత్తింది.

"ఏం పాపా, గొంతు అట్లుండాది? ఏడుస్తాండావా?"

నేను బదులు చెప్పేలోపే తనే అంది:

"నాకు తెలుసులే. ఇంక నయం కాదని డాక్టరమ్మ నాతో చెప్పింది. మీ అన్న శానా ఆశ పెట్టుకున్యాడు. ఇంగో ఊరికి పోదాం, ఇంగో ఆస్పత్రికి పోదాం అంటాండాడు. నాకు ఓపిక ల్యాదు పాపా. నేను ఈడనే, నా ఇంట్లోనే ఉండాల. నేను చెప్పలేను, నువ్వు చెప్పు. నీ మాటయితే ఇంటాడు."

అందుకే రాస్తున్నాను. మందు లేదన్నా. నా దగ్గర లేదు, మా సార్ దగ్గర లేదు. ఇంక ఆమెను ఎక్కడికీ తిప్పొద్దు. సార్ సెలవిచ్చారు, టికెట్ దొరికిన రోజే బయలుదేరతాను.

పెద్దమ్మ కాళ్లకు మొక్కానని చెప్పు. పిల్లలకు నా ముద్దులు. నువ్వు నన్ను దీవించు, నాకిప్పుడు ధైర్యం కావాలి.

ఈ జాబు నీ అంగడికే పంపుతున్నాను. చదివాక అంగడి మూసి ఇంటికి పో. వదిన పక్కన కూర్చో. ఆమె ముందు నవ్వుతూ ఉండక్కర్లేదు.

నీ చెల్లెలు
భారతి